అనుపు దారిలో నడుద్దాం రండి, కానీ ముందు మందకి దారివ్వండి

పోయిన డిసెంబరులో పెట్టిన "సాగర్ ఒడ్డున ప్రకృతి వ్యవసాయం" వీడియో చూసి చాలామంది ఫోన్లు చేశారు. నేను అనుకున్నట్టు ఘన జీవామృతం గురించో, నవధాన్యాల విత్తనం గురించో కాదు. పదిమందిలో ఆరుగురు అడిగింది ఒక్కటే. "అన్నా, ఆ వీడియోలో మొదట్లో కనపడ్డ దారి ఎక్కడ? పిల్లల్ని తీసుకుని ఒక్కరోజులో నడిచి రావచ్చా?"

నడిచి రావచ్చు. ఎట్టా రావాలో, ఎప్పుడు రావాలో ఈ పోస్టులో చెప్తా. దాంతోపాటు నా అభిప్రాయం కూడా ఒకటి చెప్తా, అది కొంతమందికి నచ్చకపోవచ్చు. ఆ దారి మీద ఈ ఏడాది జరిగిన నష్టంలో నా వీడియోకీ వాటా ఉంది కాబట్టి, చెప్పాల్సిన బాధ్యత నాదే.

ముందు దారి సంగతి. విజయపురి సౌత్ అంటే నాగార్జునసాగర్ డ్యామ్‌కి కుడిగట్టు, మన పల్నాడు జిల్లా వైపు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు అవతల గట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ చూసేసి, ఫొటోలు దిగి వెనక్కి పోతుంటారు. కృష్ణ దాటి ఇవతలకి రండి. రైలులో వచ్చేవాళ్లు మాచర్లలో దిగితే అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే, బస్సులున్నాయి. విజయపురి సౌత్ నుంచి రిజర్వాయర్ పక్కగా అనుపు వైపు పోయే దారే మనం నడిచేది. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి రానూపోనూ పది నుంచి పదిహేను కిలోమీటర్లు. కొండెక్కే పనిలేదు, రాళ్లు పట్టుకుని పాకే పనీ లేదు. పొద్దున్నే బయలుదేరితే ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా నడుస్తాడు, మధ్యలో రెండుసార్లు కూర్చోనిస్తే.

కొందరు కాలవ కట్ట మీద నడుస్తామంటున్నారు. కుడికాలవ, అంటే జవహర్ కాలవ, మన దగ్గరే మొదలై దిగువకి రెండొందల కిలోమీటర్ల పైనే పోతుంది. కట్ట మీద నడక బాగుంటుంది, కాదనను. కానీ పిల్లలతో వద్దు. కాలవ వదిలినప్పుడు నీళ్లు పైకి నిదానంగా కనపడతాయి, లోపల గుంజుడు వేరే. లైనింగ్ చేసిన ఏటవాలు గోడ మీద పాచి ఉంటుంది, కాలు జారితే పట్టుకోడానికి గడ్డిపరక కూడా దొరకదు. ఈత వచ్చినవాడైనా ఎక్కలేక పోతాడు. కాళ్లు కడుక్కుంటామని దిగి పోయినవాళ్ల వార్తలు ప్రతి సీజన్లో చదువుతూనే ఉన్నాం. అందుకే నా ఓటు అనుపు దారికే.

ఎప్పుడు రావాలి? అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి రెండు వారాల దాకా. పైన వరద బాగా వచ్చిన ఏడాది అక్టోబరు నాటికి రిజర్వాయర్ 590 అడుగుల నిండు మట్టానికి దగ్గర్లో ఉంటుంది, కొండల కాళ్ల దాకా నీళ్లు. అప్పుడు సీతాఫలాలు కూడా దొరుకుతాయి, ఆడవాళ్లు గంపల్లో పెట్టుకుని అమ్ముతుంటారు. జనవరిలో రేగుపళ్లు. మోదుగ పూత చూడాలంటే ఫిబ్రవరిలో రండి. మార్చి దాటితే నీళ్లు వెనక్కి పోయి, ఒడ్డంతా బురద ఎండిన పెంకుల్లా కనపడుతుంది.

ఏప్రిల్లో మాత్రం రావద్దు, నేను బతిమాలినట్టు చెప్తున్నా. ఎండాకాలం టీవీ వార్తల్లో రెంటచింతల పేరు వింటుంటారు కదా, మాకు అది పొరుగూరు కిందే లెక్క. పోయిన ఏప్రిల్లో గుంటూరు నుంచి ఒక ముప్పై మంది బృందం వచ్చింది. వాళ్ల బస్సు తొమ్మిదిన్నరకి చేరింది. "ఇంత దూరం వచ్చాం కదండీ" అంటే నేనూ తల ఊపా, పది గంటలకి నడక మొదలుపెట్టించా. పదకొండుకి ఒక పెద్దావిడ కళ్లు తిరిగి రోడ్డు మీదే కూర్చుండిపోయింది. నీడకి తీసుకెళ్దామంటే నీడ లేదు. చివరికి టమాటా దించి వెనక్కి వస్తున్న ఆటో ఆపి, అందులో పడుకోబెట్టి, మజ్జిగలో ఉప్పేసి తాగించి తీసుకొచ్చాం. సాయంత్రానికి ఆవిడ లేచి నవ్వుతూ మాట్లాడింది గానీ, నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. అగ్రికల్చర్ డిప్లొమా చదివా, మొక్కకి ఎప్పుడు తడివ్వాలో తెలుసు, మనిషిని ఏ టైములో ఎండలో నడిపించకూడదో ఆ ఇంగితం లేకపోయింది. అప్పటి నుంచి నా లెక్క ఒకటే, ఆరింటికి మొదటి అడుగు పడాలి, పదిన్నరకి నీడలో ఉండాలి. ఆలస్యమైతే నడక మానేసి ఎత్తిపోతల చూసి పొండి.

తెచ్చుకోవాల్సినవి పెద్దగా లేవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాలో. టోపీ లేదా తువ్వాలు. పాదం మూసుకునే చెప్పులు, ఎందుకంటే పక్కన తుమ్మముళ్లు ఉంటాయి, పల్లేరు కాయలూ ఉంటాయి. సద్ది మూట మీ ఇంట్లోదే బెస్టు. సజ్జ రొట్టె, గోంగూర పచ్చడి, రెండు ఉల్లిపాయలు, ఒక డబ్బాలో పెరుగన్నం. బిస్కెట్లు, చిప్సు తెస్తే వాటి కవర్లు కూడా మీతోనే ఇంటికి రావాలి, అది మాత్రం గట్టిగా చెప్తున్నా.

దారిలో ఏముంది అంటే, ఎడమా కుడీ చెప్పుకోడానికి పెద్ద పెద్ద బోర్డులేం లేవు. ఒకవైపు నీళ్లు కనపడుతూ మాయమవుతూ ఉంటాయి. ఇంకోవైపు రాతి నేల, బలుసు పొదలు, చండ్ర చెట్లు, రేగు కంపలు. పలకలు పలకలుగా లేచే ఆ రాయి మన పల్నాటి సున్నపురాయే. ఇళ్లలో పరిచే నాపరాయి ఈ జాతిదే, పదిహేడొందల ఏళ్ల కిందట బౌద్ధ శిల్పులు చెక్కిందీ ఈ రాతినే. ఆ అడవి అంచు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, దేశంలోనే పెద్దది. కాబట్టి దారి దిగి పొదల్లోకి పోవద్దు, పుల్లలేరి మంట పెట్టొద్దు. పులి ఎదురొస్తుందని కాదు, అనుమతి లేకుండా అడవిలోకి పోవడం తప్పు. పాములు మాత్రం నిజంగానే ఉంటాయి.

అనుపు చేరాక ఒక గంట కూర్చోండి. ఇప్పుడు మీరు చూసే కట్టడాలు మొదట ఇక్కడివి కావు. కింద లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది, మూడు నాలుగు శతాబ్దాల నాటి మాట. డ్యామ్ కట్టాలనుకున్నప్పుడు లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికినవాటిలో ముఖ్యమైనవి కొన్ని నాగార్జునకొండ మీదికి, కొన్ని ఈ అనుపుకి తరలించి మళ్లీ పేర్చారు. మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలం, జనం యూనివర్సిటీ అని పిలిచే విహారం, పిల్లల్ని కాచే తల్లిగా బౌద్ధులు కొలిచే హారీతి గుడి, ఇవన్నీ అట్టా వచ్చినవే. రంగస్థలం మధ్యలో ఒకరు నిలబడి మామూలు గొంతుతో మాట్లాడండి, పై మెట్టు మీద ఇంకొకరు కూర్చుని వినండి. పిల్లలకి అదో ఆట.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యామ్‌కి పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలవలకి నీళ్లు వదిలారు. ఆ లోయలో రాళ్లే కాదు, ఊళ్లూ, పొలాలూ ఉండేవి. రాళ్లని లెక్కపెట్టి పైకి తెచ్చి పేర్చారు, ఊళ్లని అట్టా పేర్చలేదు. మా మాగాణికి వచ్చే నీళ్లు వాళ్ల పొలాల మీదుగా వస్తున్నాయి, ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది. సరే, అది ఇంకో వీడియోకి దాచుకుంటా.

ఇప్పుడు అసలు విషయం. ఈ దారి ఎవరిది?

టూరిస్టు కార్లు పోతాయి, ఆటోలు పోతాయి. చేపలు తెచ్చేవాళ్ల మోపెడ్లు, పత్తి ఏరడానికి పోయే ఆడకూలీలు, గడ్డిమోపులు, ట్రాక్టర్లు, బడి సైకిళ్లు అన్నీ పోతాయి. అన్నిటికన్నా ముందు నుంచీ పోతున్నది గొర్రెల మంద. మా బాబాయి కొడుకు అమెరికాలో ఉంటాడు. వాళ్ల ఊళ్లో నడిచేవాళ్లూ, సైకిళ్లూ, గుర్రాలూ ఒకే దారిని వాడుకుంటారట. మొదట్లోనే బోర్డు ఉంటుందట, సైకిలువాడు నడిచేవాడికి ఆగాలి, ఇద్దరూ గుర్రానికి ఆగాలి అని. బెదిరితే మనిషి మాట వినని ప్రాణి ఏదో దానికి ముందు దారి, అదీ లెక్క. నాకది చాలా నచ్చింది. మన దగ్గర గుర్రం స్థానంలో మంద ఉంది, అంతే తేడా. మన దగ్గర మాత్రం అందరికన్నా ముందు దారి ఎవరికిస్తున్నాం? హారన్ గట్టిగా కొట్టేవాడికి.

మంద గురించి ఇంత ఎందుకు చెప్తున్నానో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. పంట కోశాక, తొలకరికి ముందు, రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకుంటాం. గొర్రెల పెంటికలు, మూత్రం నేల మీద నేరుగా పడతాయి, తెల్లారేలోపు వాటి గిట్టలే వాటిని మట్టిలోకి తొక్కేస్తాయి. మోసే ఖర్చు లేదు, చల్లే కూలి లేదు. ఆ తర్వాత నవధాన్యాలు చల్లితే వచ్చే పచ్చదనం చూడాలి. మా నాలుగెకరాలకి ఏటా ఎనిమిది రాత్రులు మంద పడేది. రాత్రికింత అని డబ్బులు, కాపరులకి కొన్ని జొన్నలు, రాత్రి భోజనం. మా తాత నాటి నుంచి ఒకే కుటుంబం వస్తున్నారు.

ఈ ఏడాది వాళ్లు రాలేదు.

డిసెంబరు వీడియోలో గొర్రెలన్నీ దుమ్ము లేపుకుంటూ పరిగెత్తే షాట్ గుర్తుందా? నాలుగు సెకన్లు. చాలామంది "అన్నా సూపర్ షాట్" అన్నారు. అది నేను అద్దెకి తెచ్చిన డ్రోన్. మా పొలం పైన ఎగరేస్తూ, పక్కనే దారి మీద మంద కనపడితే కాస్త కిందికి దించా. గొర్రెలు ఆ మోత ఎప్పుడూ వినలేదు, చెల్లాచెదురైపోయాయి. సగం కంపల్లోకి, సగం పక్కోళ్ల మిరపతోటలోకి. అన్నిటినీ కూడేసరికి మధ్యాహ్నమైంది. చూడి గొర్రె ఒకటి రెండోరోజు ఈసుకుపోయింది. మిరపతోట నష్టం నేను కట్టా, గొర్రెకీ ఇవ్వబోయా. పెద్దాయన తీసుకోలేదు. "డబ్బులకేముందిలే అబ్బాయ్, జీవాలకి ఆ దారంటే బెదురు పడింది" అన్నాడు.

తర్వాత వీడియో చూసి జనం రావడం మొదలైంది. ఆదివారాలు కార్లు. రోడ్డు వారన బీరు సీసాలు పగలగొట్టి పోయారు, ఒక పొట్టేలు గిట్టలో గాజుముక్క దిగి చీము పట్టింది. ప్లాస్టిక్ కవర్లు ఆవులు తింటున్నాయి, అది మీకూ తెలిసిన సంగతే. ఉగాది తర్వాత మంద మా వైపు రాకుండా లోపలి డొంక పట్టి వేరే ఊరికి పోయింది. నేను పెంట ట్రాక్టరుతో కొని తోలించుకున్నా, ట్రక్కు మూడు వేలు. మంద చేసే పనికి అది సాటిరాదు. ఇన్ని వీడియోల్లో "బయటి నుంచి ఏదీ కొనొద్దు" అని చెప్పినోణ్ణి నేనే కొనాల్సి వచ్చింది.

దీనికి మందు ఏంటి? మా మిత్రుల్లోనే రెండు మాటలున్నాయి. రోడ్డు వెడల్పు చేసి, పక్కన టైల్సు వేసి, రెయిలింగు కట్టి, సెల్ఫీ పాయింట్లు పెడితే పేరొస్తుందని కొందరు. హైదరాబాద్‌లో ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వేశారు కదా, అట్టాంటిది మనకీ కావాలంటాడు ఒక తమ్ముడు. అక్కడికి అది సరిపోయింది, అది సైకిళ్ల కోసమే వేసిన దారి, దాని మీద గొర్రె నడవాల్సిన అవసరం లేదు. ఇక్కడ రెయిలింగు కడితే మంద పక్కకి దిగే చోటు పోతుంది. రెండు కార్ల మధ్య ఇరుక్కున్న రెండొందల గొర్రెల్ని ఒకసారి ఊహించుకోండి. మొత్తానికి టూరిజమే వద్దు, గేటు పెట్టాలనేవాళ్లు ఇంకొందరు. అదీ తప్పే. నీళ్లు ఇచ్చిన లోయని చూడ్డానికి వచ్చే మనిషిని ఆపే హక్కు మనకెక్కడిది?

నా లెక్కలో కావాల్సినవి చాలా చిన్నవి. విజయపురి సౌత్‌లోనే బండ్లు ఆపుకునే చోటు, అక్కడి నుంచి నడక. నడవలేని పెద్దవాళ్లకి ఆటో ఉండనే ఉంది, ఆటోవాళ్లకీ నాలుగు డబ్బులు. ఆడవాళ్లకి మరుగుదొడ్డి, తాళం వేసి ఉండేది కాదు, నీళ్లుండేది. కిలోమీటరుకో చోట కానుగ, వేప చెట్ల గుంపు, కింద నాపరాయి అరుగు, కుండ. మొదట్లో ఒక బోర్డు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో: మంద వస్తే ఆగండి. చెట్ల పని ప్రభుత్వం కోసం ఆగకుండా మొదలుపెట్టొచ్చు. మా పొలం వారన ఈ వానాకాలం పదకొండు కానుగలు పెట్టా, ఏడు బతికాయి. మిగతా నాలుగింటిని మేకలు తిన్నాయి, వాటి మీద కేసు పెట్టలేను.

ఇందులో నా స్వార్థం కూడా దాచను. నేను కందిపప్పు, ఎండుమిర్చి, వేరుశెనగ నూనె అమ్ముకుని బతికేవాణ్ణి. కారులో వచ్చినవాళ్లే ఐదేసి కిలోలు డిక్కీలో వేసుకుపోతారు. నడిచి వచ్చినవాళ్లు అర కేజీ తీసుకుని "బరువండీ" అంటారు. అయినా కారు దూరంగా ఆపమనే చెప్తున్నా, ఎందుకంటే మంద రాకపోతే ఆ కంది పండేది ఎట్టా? కావాల్సినవాళ్లు తిరుగు ప్రయాణంలో బస్టాండు దగ్గర తీసుకునేట్టు ఏర్పాటు చేస్తున్నా.

మంద ఎదురైతే ఏం చేయాలో కూడా చెప్పేస్తా, ఇది చాలామందికి తెలియదు. అందరూ ఒకే పక్కకి దిగండి, అటు కొందరు ఇటు కొందరు కాదు. రెండు వైపులా మనుషులుంటే గొర్రెలు నడిమధ్యలో ఆగిపోతాయి. కొండవైపు దిగి, నీళ్లవైపు వాటికి వదలండి, మధ్యలో దాహానికి దిగుతాయి. కదలకుండా నిలబడండి. గొర్రెపిల్లని ఎత్తుకుని ఫొటో దిగాలనుకుంటే కాపరిని అడగండి, తల్లి వెనక్కి తిరిగితే మందంతా తిరుగుతుంది. కాపరి కుక్కని పిలవొద్దు, దానికి డ్యూటీ ఉంది. బైకు మీద ఉంటే ఇంజను ఆపేయండి. డ్రోన్ సంగతి నేను చెప్పాల్సిన పనిలేదు, డ్యామ్ దగ్గరా అడవి మీదా అనుమతి లేకుండా అసలే ఎగరేయకూడదు. నేను అద్దెకి తేవడం మానేశా. ఆ నాలుగు సెకన్ల షాట్ కూడా వీడియోలోంచి తీసేశా, పాత లింకు ఉన్నవాళ్లు మళ్లీ తెరిచి చూడండి, ఆ చోట ఇప్పుడు ఖాళీ దారి ఉంటుంది.

నడక మధ్యాహ్నానికి అయిపోతుంది కాబట్టి మిగతా సగం రోజు మీ ఇష్టం. లాంచీలో నాగార్జునకొండ పోవాలనుకుంటే దానికి విడిగా ఇంకో రోజు పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గాలి ఎక్కువుంటే లాంచీలు ఆపేస్తారు, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు. సాయంత్రం మాచర్ల వైపు పోయేవాళ్లు దారిలో ఎత్తిపోతల దగ్గర దిగొచ్చు. చంద్రవంక డెబ్బై అడుగుల నుంచి దూకేది అక్కడే. పైనుంచి చూసి రండి, కింద మడుగులో మొసళ్లున్నాయి.

పోయిన ఆదివారం ఈ సీజన్లో మొదటి బృందాన్ని తీసుకెళ్లా, పిల్లలతో కలిపి పద్నాలుగు మంది. ఆరుంపావుకి మొదలైంది. సగం దారిలో పెద్దాయన మంద ఎదురొచ్చింది. చెప్పినట్టే అందరం కొండవైపు దిగి నిలబడ్డాం. మంద దాటడానికి పదకొండు నిమిషాలు పట్టింది, ఒక పాప వాచీ చూసి చెప్పింది. ఎవరూ కేకలు వేయలేదు, ఫోన్లు మాత్రం బయటికి తీశారు, సరే. చివర్లో పెద్దాయన కర్ర భుజాన వేసుకుని వచ్చి, అందరినీ ఒకసారి చూసి, "ఈళ్లంతా నీ ఈడియో జనమేనా?" అన్నాడు.

"అవును బాబాయ్. ఈసారి ఉగాదికి మా చేలో మంద కడతావా?"

"సంక్రాంతి దాకా మీవోళ్లు ఎట్టా ఉంటారో చూసి చెప్తాలే" అని గొర్రెల ఎనకమాల పోయాడు.